బొగ్గు గనుల మధ్య బుద్ధుడు: చైనాలోని దాతోంగ్ నగరం, దాని దర్శనీయ స్థలాలు

పర్యాటకం అనగానే మనకు సముద్ర తీరాలు, కొండ మీది గుళ్ళు, కోటలు, జలపాతాలు గుర్తుకు వస్తాయి. పారిశ్రామిక నగరం అనగానే పొగగొట్టాలు, లారీలు, షిఫ్టు సైరన్లు గుర్తుకు వస్తాయి. చూడడానికి వెళ్ళే ఊరు వేరు, పని చేసుకుని బతికే ఊరు వేరు అని మనం చిన్నప్పటి నుంచి అనుకుంటాం. మన పాఠ్యపుస్తకాలు కూడా ఈ రెండింటినీ రెండు వేరు వేరు పాఠాల్లోనే పెడతాయి. ఈ రెండూ ఒకే చోట ఉన్న నగరం ఒకటి చైనాలో ఉంది. దాని పేరు దాతోంగ్. అక్కడ నేల కింద బొగ్గు ఉంది, నేల మీద పదిహేను వందల ఏళ్ళ నాటి బుద్ధ విగ్రహాలు ఉన్నాయి.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! చైనాలో చూడదగిన చోట్లు చెప్పమంటే మహా కుడ్యం, బీజింగ్ రాజప్రాసాదం, షాంఘై మేడలు అని ఎవరైనా చెబుతారు. మేము మాత్రం వార్షిక సంచిక కోసం కావాలనే ఒక బొగ్గు ఊరిని ఎంచుకున్నాం. మన హాస్టల్లో ఇల్లందు, మందమర్రి, గోదావరిఖని వైపు నుంచి వచ్చిన పిల్లలు ఎంతోమంది ఉన్నారు. గని అంటే ఏమిటో, బొగ్గు దుమ్ము అంటే ఏమిటో వాళ్ళకు ఎవరూ చెప్పనక్కరలేదు. అటువంటి ఊరికి ప్రపంచం నలుమూలల నుంచి యాత్రికులు ఎందుకు వస్తున్నారు? వాళ్ళు వచ్చేలా చేయడానికి ఎవరు కష్టపడ్డారు, ఎవరు నష్టపోయారు? ఈ ప్రశ్నలు మనసులో పెట్టుకుని ఈ పాఠం చదవండి.

నగర పరిచయం

చైనా ఉత్తర భాగంలో షాన్సీ అనే రాష్ట్రం ఉంది. బొగ్గుకు అది పెట్టింది పేరు. ఆ రాష్ట్రానికి ఉత్తరపు కొసన, లోపలి మంగోలియా సరిహద్దుకు దగ్గరగా దాతోంగ్ ఉంది. సముద్ర మట్టానికి వెయ్యి మీటర్లకు పైగా ఎత్తు. చలికాలంలో ఉష్ణోగ్రత సున్నా కంటే ఎంతో కిందికి పడిపోతుంది. వసంతంలో ఎడారి వైపు నుంచి దుమ్ము గాలులు వీస్తాయి. 2020 జనగణన ప్రకారం చుట్టుపక్కల కౌంటీలతో కలిపి జనాభా సుమారు 31 లక్షలు. 2019 డిసెంబరు 30న బీజింగ్ వైపు హైస్పీడ్ రైలు మార్గం ప్రారంభమైంది. అంతకు ముందు అరపూట పట్టే ప్రయాణం ఇప్పుడు రెండు గంటలకు తగ్గింది.

ఈ నగరం చరిత్రలో ఒకప్పుడు రాజధాని. అప్పటి పేరు పింగ్‌చెంగ్. ఉత్తర వేయి వంశపు రాజులు క్రీ.శ. 398 నుంచి 494 వరకు, అంటే దాదాపు వందేళ్ళు, ఇక్కడి నుంచే ఉత్తర చైనాను పాలించారు. వాళ్ళు పుట్టుకతో చైనీయులు కారు. తువోబా అనే సంచార తెగ వాళ్ళు. గుర్రాల మీద వచ్చి రాజ్యం గెలుచుకున్నారు. తరువాత బౌద్ధాన్ని ఆదరించారు. వాళ్ళు చెక్కించిన గుహలే నేడు దాతోంగ్‌కు ప్రపంచ ఖ్యాతి తెచ్చాయి.

యున్‌గాంగ్ గుహలు

నగరానికి పడమరగా 16 కిలోమీటర్ల దూరంలో ఒక ఇసుకరాతి కొండ ఉంది. దాని అంచు వెంట తూర్పు నుంచి పడమరకు సుమారు ఒక కిలోమీటరు పొడవున గుహలు తొలిచి ఉన్నాయి. వీటినే యున్‌గాంగ్ గుహలు అంటారు. ఆ మాటకు మేఘాల గుట్ట అని అర్థం. చిన్నవీ పెద్దవీ కలిపి 252 గుహలు, గూళ్ళు ఉన్నాయి. వాటిలో 51 వేల విగ్రహాలు ఉన్నాయి. కొన్ని అరచేతిలో పట్టేంత చిన్నవి. అయిదవ గుహలో కూర్చున్న బుద్ధుడి ఎత్తు మాత్రం 17 మీటర్లు. అంటే అయిదంతస్తుల భవనమంత! 2001లో యునెస్కో వీటిని ప్రపంచ వారసత్వ సంపదగా ప్రకటించింది.

వీటి వెనుక ఒక కథ ఉంది. క్రీ.శ. 446లో అప్పటి చక్రవర్తి తైవూ బౌద్ధం మీద కన్నెర్ర చేశాడు. విహారాలు కూల్చారు, గ్రంథాలు తగలబెట్టారు, భిక్షువులను చంపారు. ఆరేళ్ళ తరువాత అతని మనవడు వెన్‌చెంగ్ రాజై ఆ నిషేధం ఎత్తివేశాడు. క్రీ.శ. 460లో తాన్‌యావో అనే భిక్షువు రాజు అనుమతితో అయిదు గుహలు తొలిపించడం మొదలుపెట్టాడు. ఇప్పుడు వాటికి 16 నుంచి 20 వరకు సంఖ్యలు ఇచ్చారు. ఒక్కొక్క గుహలో ఒక్కొక్క మహా బుద్ధుడు. ఆ అయిదుగురూ ఆ వంశపు అయిదుగురు చక్రవర్తులకు ప్రతిరూపాలని చెబుతారు. రాజు మళ్ళీ మనసు మార్చుకున్నా, తన తాతల రూపంలో ఉన్న బుద్ధుణ్ణి పగలగొట్టడు కదా! చెక్కతో కట్టిన విహారం తగలబడిపోతుంది, కొండను మాత్రం ఎవరూ తగలబెట్టలేరు. ఎంత ముందుచూపో చూడండి.

20వ గుహ ముందు గోడ ఎప్పుడో కూలిపోయింది. అందువల్ల లోపలి బుద్ధుడు ఆరుబయట కూర్చున్నట్టు కనిపిస్తాడు. ఎత్తు 13 మీటర్లకు పైనే. విశాలమైన భుజాలు, పొడవైన చెవులు, పెదవుల మీద సన్నని చిరునవ్వు. దాతోంగ్ అనగానే ప్రపంచమంతటా అచ్చయ్యే బొమ్మ ఇదే. ఆరవ గుహలో మధ్య స్తంభం మీద, గోడల మీద బుద్ధుడి జీవిత కథ వరుసగా చెక్కి ఉంది. 12వ గుహలో వాయిద్యాలు పట్టుకున్న గంధర్వులు బారులు తీరి ఉంటారు. దాన్ని సంగీత గుహ అంటారు. ఈ గుహకు త్రీడీ ప్రింటింగ్ పద్ధతిలో అసలు కొలతల్లోనే విడదీసి తీసుకుపోగల ఒక ప్రతిరూపాన్ని 2020లో జజియాంగ్ విశ్వవిద్యాలయంతో కలిసి తయారు చేశారు.

మన వాళ్ళు ఎవరైనా అక్కడికి వెళితే ఎనిమిదవ గుహ గుమ్మం దగ్గర తప్పక ఆగుతారు. ఒక పక్క ఎద్దు మీద కూర్చున్న మూడు తలల దేవుడు. ఇంకో పక్క నెమలి వంటి పక్షి మీద అయిదు తలల దేవుడు. మొదటి రూపం మహేశ్వరుడిదని, రెండవది కుమారుడిదని పండితులు గుర్తించారు. మన దేశపు దేవతలు బౌద్ధంతో పాటు మధ్య ఆసియా దారుల మీదుగా నడిచి వెళ్ళి, అక్కడ బుద్ధుడి వాకిట కాపలా నిలబడ్డారు!

చెక్కిన చేతులు ఎవరివి?

ఇంతవరకు రాజు పేరు, భిక్షువు పేరు చెప్పుకున్నాం. చెక్కిన వాళ్ళ పేర్లు మాత్రం చరిత్రలో లేవు. అయినా వాళ్ళ గురించి కొంత తెలుసు. క్రీ.శ. 439లో ఉత్తర వేయి సైన్యం పడమటి దిక్కున ఉన్న లియాంగ్ రాజ్యాన్ని జయించింది. అక్కడి నుంచి వేలాది కుటుంబాలను బలవంతంగా పింగ్‌చెంగ్‌కు తరలించింది. వాళ్ళలో భిక్షువులు ఉన్నారు, శిల్పులు ఉన్నారు. ఆ ప్రాంతం దున్‌హువాంగ్ గుహల వైపుది కాబట్టి కొండలు తొలిచే విద్య వాళ్ళకు తెలుసు. యున్‌గాంగ్ శిల్పం వెనుక ఊరు వదిలి రావలసి వచ్చిన ఆ పనివాళ్ళ నైపుణ్యం ఉంది.

ఇంకొక సంగతి కూడా గమనించాలి. తాన్‌యావో సలహా మీద ఆ రోజుల్లో 'బుద్ధ కుటుంబాలు' అనే ఏర్పాటు జరిగింది. పేరు వినడానికి బాగుంది. శిక్ష పడిన వాళ్ళను, ప్రభుత్వ బానిసలను విహారాలకు అప్పగించడమే ఈ ఏర్పాటు. వాళ్ళు విహారాలు ఊడ్వాలి, నీళ్ళు మోయాలి, పొలాలు దున్నాలి. మన తాతల కాలం నాటి వెట్టి గురించి ఇళ్ళలో విన్న వాళ్ళకు ఈ మాట వెంటనే అర్థమవుతుంది. శిల్పం ముందు నిలబడి ఆశ్చర్యపోవడంలో తప్పు లేదు. ఆ ఆశ్చర్యంలో కొంత భాగం ఈ పేరు లేని వాళ్ళకు కూడా దక్కాలి.

విగ్రహాల మీద బొగ్గు దుమ్ము

రాజధాని 494లో లోయాంగ్‌కు మారిపోయింది. పెద్ద పెద్ద పనులు ఆగిపోయాయి. తరువాతి శతాబ్దాలలో గాలి, వాన, మంచు రాతిని తినేశాయి. ఇరవయ్యవ శతాబ్దం తొలి భాగంలో దొంగలు వచ్చిపడ్డారు. వందలాది విగ్రహాల తలలు నరికి విదేశీ వ్యాపారులకు అమ్మారు. అలా వెళ్ళిన తలలు కొన్ని నేటికీ ఇతర దేశాల మ్యూజియంలలో ఉన్నాయి.

1973 సెప్టెంబరులో ఫ్రాన్స్ అధ్యక్షుడు పాంపిడూను వెంటబెట్టుకుని చైనా ప్రధాని చౌ ఎన్ లై ఇక్కడికి వచ్చాడు. గుహల దుస్థితి చూసి, మరమ్మతుకు ఎంత కాలం పడుతుందని అడిగాడు. పదేళ్ళు అని సమాధానం వచ్చింది. మూడేళ్ళలో పూర్తి కావాలని ఆయన చెప్పాడు. 1974 నుంచి 1976 వరకు పగుళ్ళు పూడ్చి, కూలిపోయే రాళ్ళను బిగించి ముఖ్యమైన గుహలను నిలబెట్టారు.

అంతలో కొత్త శత్రువు వచ్చింది. అదే బొగ్గు. గుహల ముందు నుంచే జాతీయ రహదారి వెళ్ళేది. రాత్రీ పగలూ బొగ్గు లారీలు ఆ దారినే నడిచేవి. చుట్టుపక్కల గనులు, ఇళ్ళలో బొగ్గు పొయ్యిలు. ఎడారి దుమ్ము, రోడ్డు దుమ్ము, బొగ్గు పొడి కలిసి విగ్రహాల ఒళ్ళోనూ, భుజాల మీదా, చేతుల మీదా నల్లని పొరలుగా పేరుకున్నాయి. బొగ్గు పొగలోని గంధకపు వాయువు తేమతో కలిస్తే ఆమ్లం అవుతుందని మనం రసాయన శాస్త్రంలో చదువుకున్నాం. ఇసుకరాతికి అది విషం. 1990ల ఆరంభంలో అమెరికాకు చెందిన గెట్టీ పరిరక్షణ సంస్థ, కాలిఫోర్నియా సాంకేతిక విద్యాసంస్థ శాస్త్రజ్ఞులు చైనా వాళ్ళతో కలిసి గుహల లోపలి దుమ్మును కొలిచారు. ఎంత దుమ్ము, ఎక్కడి నుంచి, ఏ వేళ వస్తున్నదో లెక్క తేల్చారు. 1990ల చివర్లో రహదారిని గుహలకు దూరంగా మళ్ళించారు. పాత రోడ్డు మీద లారీలు ఆగిపోయాయి. ఒక వారసత్వ సంపదను కాపాడడానికి భక్తి ఒక్కటే చాలదు, కొలతలు కూడా కావాలి అని ఇది మనకు నేర్పుతుంది.

2008 తరువాత గుహల ముందు భాగాన్ని పెద్ద ఉద్యానవనంగా మార్చారు. అక్కడున్న పల్లెను ఖాళీ చేయించారు. సరస్సు తవ్వారు, పాత పద్ధతిలో కొత్త ఆలయ మండపాలు కట్టారు. అందం పెరిగిందన్న వాళ్ళున్నారు, పాతదనం పోయిందన్న వాళ్ళూ ఉన్నారు.

నగరం లోపల

దాతోంగ్ పాత నగరంలో మూడు చోట్లు ముఖ్యమైనవి.

మొదటిది తొమ్మిది డ్రాగన్ల గోడ. 1392లో మింగ్ వంశపు తొలి చక్రవర్తి తన 13వ కొడుకు కోటకు ముందు కట్టించాడు. పొడవు 45 మీటర్లకు పైన, ఎత్తు 8 మీటర్లు. రంగురంగుల గాజు పూత పెంకులతో తొమ్మిది డ్రాగన్లు అలల మీద మెలికలు తిరుగుతుంటాయి. కోట ఎప్పుడో పోయింది, గోడ మాత్రం మిగిలింది. బీజింగ్‌లోని ఇటువంటి గోడ కంటే ఇది పాతది, పెద్దది.

రెండవది హువాయాన్ ఆలయం. ఇందులో 1038 నాటి గ్రంథాలయ మండపం ఉంది. గోడల చుట్టూ చెక్కతో చేసిన చిన్న చిన్న మేడల వంటి బీరువాలు, వాటిలో బౌద్ధ గ్రంథాలు భద్రపరిచేవారు. ఇక్కడ చేతులు జోడించి, పళ్ళు కొంచెం కనిపించేలా నవ్వుతున్న ఒక బోధిసత్వ విగ్రహం ఉంది. దేవుళ్ళు పళ్ళు కనబడేలా నవ్వడం అరుదు కాబట్టి దాన్ని చూడడానికే జనం వస్తారు. పెద్ద మండపం 1140 నాటిది. చైనాలో ఆలయాలు సాధారణంగా దక్షిణం వైపు ఉంటాయి. ఇది తూర్పు వైపు ఉంటుంది. కట్టించిన ఖితాన్ తెగ వాళ్ళు ఉదయ సూర్యుడికి మొక్కేవాళ్ళు కావడమే అందుకు కారణం.

మూడవది నగర ప్రాకారం. 1372లో కట్టిన కోట గోడ కాలక్రమంలో ఇటుకలు ఊడిపోయి మట్టి దిబ్బలా మిగిలింది. 2008లో గెంగ్ యాన్‌బో అనే ఆయన నగర మేయర్ అయ్యాడు. బొగ్గు మీద ఆధారపడితే భవిష్యత్తు లేదు, దాతోంగ్ సంస్కృతి నగరంగా మారాలి అని ఆయన నిర్ణయించాడు. పాత నగరంలోని కొత్త కట్టడాలను కూల్చి, ప్రాకారాన్ని చుట్టూ సుమారు 7 కిలోమీటర్ల పొడవున మళ్ళీ కట్టించాడు. తెల్లవారక ముందే పని స్థలాలకు వెళ్ళి కాంట్రాక్టర్లను నిలదీసేవాడు. లక్షల మంది ఇళ్ళు మారవలసి వచ్చే పథకం అది. పరిహారం చాలలేదని, కొత్త ఇల్లు రాలేదని జనం ఆయన్ను దారిలోనే ఆపేవారు. 2013లో ఆయన్ను బదిలీ చేసినప్పుడు మాత్రం, పోవద్దంటూ అర్జీలు పెట్టిన వాళ్ళూ అదే నగరం వాళ్ళే! వెళ్ళేనాటికి ఎన్నో పనులు సగంలో ఉన్నాయి, నగరం మీద అప్పులు పెరిగాయి. చౌ హావ్ అనే దర్శకుడు ఈ వ్యవహారమంతా దగ్గర నుంచి చిత్రీకరించి 'ద చైనీస్ మేయర్' అనే డాక్యుమెంటరీ తీశాడు. 2015లో సన్‌డాన్స్ చిత్రోత్సవంలో దానికి ప్రత్యేక బహుమతి వచ్చింది.

ఈ రోజు యాత్రికులు ఆ గోడ మీద సైకిలు తొక్కుతూ రాత్రి దీపాలు చూసి మురిసిపోతారు. ఆ గోడ నీడలో ఒకప్పుడు ఎవరి ఇల్లు ఉండేదో వాళ్ళకు తెలియదు. ప్రాజెక్టుల కింద ఊళ్ళు పోయిన కుటుంబాల పిల్లలు మన హాస్టళ్ళలో ఉన్నారు. వాళ్ళు ఈ గోడను వేరే కళ్ళతో చూస్తారు.

నగరం వెలుపల

దాతోంగ్‌కు ఆగ్నేయంగా సుమారు 65 కిలోమీటర్ల దూరంలో హెంగ్ పర్వతం దగ్గర వేలాడే ఆలయం ఉంది. క్రీ.శ. 491 ప్రాంతంలో కట్టినదని చెబుతారు, తరువాత ఎన్నోసార్లు బాగుచేశారు. నిట్టనిలువు కొండ గోడకు తగిలించినట్టు సుమారు నలభై గదులు. కొండలో రంధ్రాలు తొలిచి దూలాలు దూర్చి, వాటి మీద కట్టారు. పైన కొండ గొడుగులా ముందుకు వచ్చి ఉండడం వల్ల వాన నేరుగా పడదు. ఇందులో ఒకే గదిలో బుద్ధుడు, లావోజు, కన్ఫ్యూషియస్ ముగ్గురూ పక్క పక్కనే కూర్చుని ఉంటారు. దారిన పోయే బాటసారి ఏ మతం వాడైనా అక్కడ తల దాచుకోవచ్చు.

దాతోంగ్‌కు దక్షిణంగా, పక్క జిల్లాలోని యింగ్ కౌంటీలో 1056లో కట్టిన చెక్క గోపురం ఉంది. ఎత్తు 67 మీటర్లు. ప్రపంచంలో ఇంత ఎత్తయిన పాత చెక్క గోపురం మరొకటి లేదు. చెక్కలను ఒకదానిలో ఒకటి బిగించిన కీళ్ళ వల్ల ఎన్నో భూకంపాలను తట్టుకుంది. కొంచెం వంగి ఉన్నందున యాత్రికులను పై అంతస్తులకు ఎక్కనివ్వడం లేదు.

తిండి సంగతి కూడా చెప్పుకోవాలి. దాతోంగ్ వెళ్ళిన వాళ్ళు తప్పక తినేది కత్తి నూడుల్స్. పిండి ముద్దను ఒక చేత్తో పట్టుకుని, వంపు కత్తితో మరుగుతున్న నీళ్ళలోకి చకచకా చెక్కుతారు. పైన షాన్సీ పుల్లని వెనిగర్ పోసుకుంటారు. షిఫ్టు దిగి వచ్చిన గని కార్మికుడికీ, కెమెరా మెడలో వేసుకున్న యాత్రికుడికీ అదే గిన్నె.

గనిలోకి యాత్ర

యున్‌గాంగ్‌కు దగ్గరలోనే జిన్‌హువాగోంగ్ గని ఉంది. అక్కడ గని ఉద్యానవనం ఏర్పాటు చేశారు. యాత్రికులు హెల్మెట్, దీపం పెట్టుకుని భూమి లోపలికి దిగి, పాత తవ్వకపు దారులు, యంత్రాలు, బొగ్గు పొరలు చూడవచ్చు. ఆ బొగ్గు జురాసిక్ యుగానిది. అంటే డైనోసార్లు తిరిగిన కాలపు అడవులు అవి. మన సింగరేణి బొగ్గు అంతకన్నా పాతది, పెర్మియన్ యుగం నాటిది. ఇది భూగోళం చదివే పిల్లలు గుర్తుంచుకోవలసిన తేడా.

బొగ్గు చరిత్ర అంతా ఇంత హాయిగా చూసేది కాదు. 1937లో జపాన్ సైన్యం దాతోంగ్‌ను ఆక్రమించింది. 1945 వరకు గనులు వాళ్ళ చేతిలోనే ఉన్నాయి. పట్టి తెచ్చిన కూలీలతో కడుపుకు తిండి లేకుండా పని చేయించారు. జబ్బుపడిన వాళ్ళను, చచ్చిపోయిన వాళ్ళను గోతుల్లో పారేశారు. మెయియుకౌ అనే చోట ఆ గోతులు బయటపడ్డాయి. చైనా లెక్క ప్రకారం ఆ ఎనిమిదేళ్ళలో చనిపోయిన కూలీలు 60 వేల మందికి పైనే. అక్కడ ఇప్పుడు స్మారక భవనం ఉంది. చూసిన వాళ్ళెవరూ నవ్వుతూ బయటికి రారు.

ఆక్రమణ పోయాక కూడా గని ప్రాణాలు తీయడం మానలేదు. 1960 మే 9న దాతోంగ్‌లోని లావోబైదోంగ్ గనిలో బొగ్గు ధూళి పేలి 680 మందికి పైగా కార్మికులు చనిపోయారు. స్వతంత్ర చైనా చరిత్రలో అతి పెద్ద గని ప్రమాదం ఇదే. దశాబ్దాల పాటు ఈ సంగతి బయటి ప్రపంచానికి తెలియనివ్వలేదు. శత్రువు చేసిన ఘోరానికి స్మారకం కట్టడం సులభం. సొంత పాలనలో జరిగిన దాన్ని చెప్పుకోవడానికి ఎక్కువ ధైర్యం కావాలి.

దాతోంగ్ బొగ్గును సముద్రానికి చేర్చడానికి 653 కిలోమీటర్ల పొడవైన ప్రత్యేక రైలు మార్గం ఉంది. చిన్‌హువాంగ్‌దావ్ రేవు వరకు వెళ్ళే ఈ మార్గం 1992 నాటికి పూర్తయింది. దీని మీద 20 వేల టన్నుల బొగ్గు రైళ్ళు నడుస్తాయి. దాతోంగ్ రైలు ఇంజన్ల కర్మాగారం 1988 వరకు పెద్ద ఆవిరి ఇంజన్లు తయారు చేసింది. మిగతా దేశాలు వాటిని మానేసిన రోజుల్లో, కొత్త ఆవిరి ఇంజను పుట్టడం చూడడానికి 1980లలో విదేశీ రైలు ప్రియులు ఇక్కడికి వచ్చేవారు. ఫ్యాక్టరీ కూడా దర్శనీయ స్థలమేనని ఆ రోజుల్లోనే దాతోంగ్ నిరూపించింది.

బొగ్గు తరువాత ఏమిటి?

దశాబ్దాల తవ్వకం వల్ల దాతోంగ్ చుట్టూ నేల కుంగింది. ఇళ్ళ గోడలు పగిలాయి, బావులు ఎండాయి. గని కుటుంబాలను కొత్త కాలనీలకు తరలించారు. సాగుకు పనికిరాని కుంగిన నేలల మీద 2016లో వెయ్యి మెగావాట్ల సౌర విద్యుత్ పలకలు నిలబెట్టారు. 2017లో పైనుంచి చూస్తే పాండా బొమ్మలా కనిపించే సౌర కేంద్రం ఒకటి దాతోంగ్‌లో వెలసింది. దాని ఫోటోలు ప్రపంచమంతా తిరిగాయి. తూర్పున యున్‌చౌ ప్రాంతంలో, చల్లారిన అగ్నిపర్వతాల చుట్టూ రైతులు పసుపు లిల్లీ మొగ్గలు పండిస్తారు. వాటిని ఎండబెట్టి కూరల్లో వాడతారు. పూల కాలంలో ఆ పొలాలు చూడడానికి కూడా జనం వస్తున్నారు.

2024 ఆగస్టులో 'బ్లాక్ మిత్: వుకోంగ్' అనే కంప్యూటర్ ఆట విడుదలైంది. దానిలో చైనాలోని 36 నిజమైన పాత కట్టడాల రూపాలు వాడారు. వాటిలో 27 షాన్సీవే. యున్‌గాంగ్, వేలాడే ఆలయం కూడా వాటిలో ఉన్నాయి. తెర మీద చూసిన చోటును కళ్ళారా చూడాలని యువకులు బారులు తీరారు.

మనకూ ఆ ఊరికీ చుట్టరికం

ఆ ఆటకు మూలం 'పడమటి యాత్ర' అనే 16వ శతాబ్దపు చైనా నవల. అందులో కోతి వీరుడు కాపాడే భిక్షువు కల్పిత పాత్ర కాదు. ఆయనే మన చరిత్ర పుస్తకాల్లోని హుయాన్ త్సాంగ్. ఏడవ శతాబ్దంలో ఆయన ఆంధ్ర దేశానికి వచ్చాడు. వేంగిని, ధాన్యకటకాన్ని చూసి రాసుకున్నాడు. ఇక హువాయాన్ ఆలయానికి ఆ పేరు అవతంసక సూత్రం నుంచి వచ్చింది. ఆ గ్రంథంలో సుధనుడు అనే యువకుడు జ్ఞానం కోసం యాభై మందికి పైగా గురువులను వెతుక్కుంటూ తిరుగుతాడు. అతని ఊరు ధాన్యాకరం. అది మన అమరావతి దగ్గరి ధాన్యకటకమేనని పలువురు పండితుల అభిప్రాయం. ఆ గురువులలో భిక్షువులే కాదు, స్త్రీలు, పడవ నడిపేవాడు, సుగంధాలు అమ్మేవాడు కూడా ఉన్నారు. ఎవరి దగ్గరైనా నేర్చుకోవచ్చునన్నది ఆ కథ సారం. మన ఇళ్ళలో మొదటిసారి డిగ్రీ దాకా వచ్చిన వాళ్ళం కాబట్టి ఈ కథ మాకు బాగా నచ్చింది. చదువు రాని మా పెద్దవాళ్ళ దగ్గర నేర్చుకున్నది తక్కువేమీ కాదు.

పోలికలు ఇంకా ఉన్నాయి. యున్‌గాంగ్ తలలు విదేశాలకు పోయినట్టే అమరావతి శిల్పాలు లండన్‌కు, చెన్నైకి చేరాయి. యున్‌గాంగ్ ముందు రోడ్డును మళ్ళించారు. మన నాగార్జున కొండ లోయ సాగర్ నీళ్ళలో మునిగితే కట్టడాలను పైకి తరలించి మళ్ళీ నిలబెట్టారు. ఇల్లందు దగ్గర బొగ్గు ఉన్నదని 1871లో కనుగొన్నారు. ఆ రోజు నుంచి తరతరాలుగా మన వాళ్ళు గనుల్లోకి దిగుతూనే ఉన్నారు. ఏదో ఒక రోజు ప్రతి గనీ మూతపడుతుంది. అప్పుడు ఆ ఊరికి ఏమి మిగలాలి? దాతోంగ్ ఈ ప్రశ్నను మన కంటే ముందు ఎదుర్కొంది. దాని జవాబులో మంచీ ఉంది, చెడూ ఉంది. రెండూ మనం చదువుకోవాలి.

ముగింపు

ఒక చోటును చూడడానికి వెళ్ళినప్పుడు మూడు ప్రశ్నలు వేసుకోవడం అలవాటు చేసుకుందాం. దీన్ని ఎవరు చేశారు? దీన్ని ఎవరు కాపాడారు? దీని కోసం ఎవరు చోటు వదిలి వెళ్ళారు? దాతోంగ్‌లో మొదటి ప్రశ్నకు జవాబు పేరు లేని శిల్పులు. రెండవ దానికి మరమ్మతు చేసిన పనివాళ్ళు, దుమ్ము కొలిచిన శాస్త్రజ్ఞులు. మూడవ దానికి లియాంగ్ కుటుంబాలు మొదలుకొని నిన్నటి పాత నగరవాసుల దాకా ఎందరో. ఈ మూడు జవాబులూ టికెట్టు మీద అచ్చు వేయరు. చదువుకున్న వాళ్ళమే వెతికి చెప్పాలి.

రేపు మీలో ఎవరైనా టూరిజం శాఖలో ఉద్యోగి కావచ్చు, పురావస్తు శాస్త్రవేత్త కావచ్చు, గని ఇంజనీరు కావచ్చు. మీ ఊరి గని గురించి, గుడి గురించి, చెరువు గురించి ఇప్పుడే పెద్దవాళ్ళను అడిగి నోటు పుస్తకంలో రాసి పెట్టండి. వచ్చే సంవత్సరం సంచికలో మీ ఊరి పాఠం మీరే రాయాలని మా కోరిక.

గుర్తుంచుకోండి

దాతోంగ్ పాత పేరు: పింగ్‌చెంగ్.
రాజధానిగా ఉన్న కాలం: క్రీ.శ. 398 నుంచి 494.
యున్‌గాంగ్ గుహల పని మొదలైన సంవత్సరం: క్రీ.శ. 460, తాన్‌యావో ఆధ్వర్యంలో.
ప్రపంచ వారసత్వ గుర్తింపు: 2001.
తొమ్మిది డ్రాగన్ల గోడ: 1392.
యింగ్ కౌంటీ చెక్క గోపురం: 1056, ఎత్తు 67 మీటర్లు.
లావోబైదోంగ్ గని ప్రమాదం: 1960 మే 9.

ఆలోచించి రాయండి

1. తాన్‌యావో బుద్ధులను చక్రవర్తుల ప్రతిరూపాలుగా ఎందుకు చెక్కించి ఉంటాడు?
2. బొగ్గు దాతోంగ్‌కు చేసిన మేలు ఏమిటి, కీడు ఏమిటి?
3. మీ ఊరికి వచ్చిన కొత్తవారికి మీరు చూపించే మొదటి చోటు ఏది? దాన్ని చేసిన వారు ఎవరు?